చెయ్యి ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు

(ఆగస్టు 29న ఒడిశాలోని పర్లాకిమిడిలో కబడ్డీ, వాలీబాల్ ఆడే కుర్రాళ్ళూ వాళ్ళ ఇళ్ళ పెద్దలూ కూర్చున్న చోట ఒక ఫిజియోథెరపిస్టు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన అన్నది అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? వినిపించనివాళ్ళు చెయ్యెత్తండి... వినిపించనివాడికి ఈ మాట మాత్రం ఎలా వినిపిస్తుందని ఆ అమ్మాయి నవ్వుతోంది. నిజమేనమ్మా, తప్పు నాదే.

మాస్టారు నాకు ఫోన్ చేసి "ఆగస్టు 29న రండి, ఒకే రోజు రెండు పండగలు" అన్నారు. నాకు ఒకటే తెలుసు, క్రీడా దినోత్సవం. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టింది 1905 ఆగస్టు 29న కదా. రెండోది ఆయన చెప్పేదాకా తట్టలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది కూడా ఆ తేదీనే, 1863లో. ఈ ఊళ్ళోనే మాస్టారుగా పనిచేశారు, ఈ కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయండి బాబూ అని జీవితమంతా పోట్లాడారు. అలాంటి ఊళ్ళో నిలబడి, అదీ ఆయన పుట్టినరోజున, నేను "అస్థి కండర వ్యవస్థ" అని మొదలుపెడితే బాగుండదు. పిక్క అంటాను, గూడ అంటాను, బెణుకు అంటాను. తెలుగు మాట తట్టని చోట ఇంగ్లీషు మాట వాడేస్తాను, అదీ మన నోళ్ళలో ఉన్నదే.

భాష ఎత్తాను కాబట్టి ఇంకొక్కటి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. నాది విజయనగరం వైపు. ఇక్కడ ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ కుంటుకుంటూ వచ్చి "గోడ బింధుచి" అంది. నేను గోడ వైపు చూశాను. నిజంగానే చూశాను. ఒడియాలో గోడ అంటే కాలు, బింధుచి అంటే నొప్పెడుతోంది అని మా కాంపౌండరు చెప్పేదాకా ఆవిడ నా వైపు, నేను గోడ వైపు. ఆ రోజు తెలిసింది, చెయ్యి వెయ్యడానికి ముందు వినడం రావాలని.

సరే. కుర్రాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మాలీసు చేయించుకుంటే గాయం మానిపోతుందా?" మానదు. మాలీసు మీద బతికేవాణ్ణి, నేనే చెప్తున్నాను, మానదు. చెయ్యి నొప్పిని తగ్గిస్తుంది. గాయాన్ని మాన్పుకునేది మీ ఒళ్ళే, అది సరిగ్గా, గట్టిగా మానేట్టు చేసేది మీరు చేసే వ్యాయామం. మరి నా దగ్గరికి ఎందుకు రావాలి అంటారా? నొప్పి ఉన్నంతసేపూ మీరు ఆ వ్యాయామం చెయ్యరు కదా. నొప్పికి భయపడి కాలు కదపరు, కదపకపోతే కండ తగ్గిపోతుంది, కండ తగ్గితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆ చక్రాన్ని ఒకచోట ఆపడానికి చెయ్యి పనికొస్తుంది. నేను కాసేపు తలుపు తెరిచి పట్టుకుంటాను, లోపలికి నడవాల్సింది మీరు.

నొప్పిని చెయ్యి ఎలా తగ్గిస్తుంది? మోకాలు బల్లకి కొట్టుకుంటే మీరు ముందు చేసే పనేమిటి? రుద్దుకుంటారు. ఎవరైనా నేర్పారా? రెండేళ్ళ పిల్ల కూడా రుద్దుకుంటుంది. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు దీనికి ఒక వివరణ ఇచ్చారు, గేట్ సిద్ధాంతం అంటారు. మన నౌపడా లైను మీద రైలు గేటు అనుకోండి. నొప్పి కబురు మోసే నరాలు సన్నవి, నెమ్మది. స్పర్శ కబురు మోసేవి లావు, వేగం ఎక్కువ. రుద్దినప్పుడు స్పర్శ కబుర్లు రైలులా దూసుకొస్తాయి, వెన్నుపాము దగ్గర గేటు పడుతుంది, నొప్పి ఎడ్లబండిలా అవతలే ఆగిపోతుంది. పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. తర్వాతి పరిశోధనల్లో ఆ బొమ్మలో చాలా మార్పులు చేశారు గానీ మూలం నిలబడింది. రైలు వెళ్ళిపోయాక గేటు మళ్ళీ లేస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. అందుకే మాలీసు సుఖం కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టిన ఒకాయన ఉండేవాడు. నడుం పట్టేస్తే ఆయనతో తన్నించుకుంటే పోతుందని నమ్మకం. పెద్దవాళ్ళు నవ్వుతున్నారు, అంటే మీ ఊళ్ళలోనూ ఉన్నారన్నమాట. పొద్దున్నే ఆయన అరుగు దగ్గర ముగ్గురు నలుగురు వంగి నిలబడేవాళ్ళు, ఆయన పాదంతో నడుం మీద మూడుసార్లు రాసేవాడు, వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తగ్గేదా? చాలామందికి తగ్గేది! ఎందుకు తగ్గదు చెప్పండి, హఠాత్తుగా పట్టేసిన నడుం చాలామందికి రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో దానంతటదే సర్దుకుంటుంది. దానికి తోడు ఒక మనిషి స్పర్శ, ఏం కాదులే అన్న ధైర్యం. నేను ఆయన్ని వెక్కిరించడం లేదు. నా దగ్గర తగ్గినవాళ్ళలో కూడా ఎంతమంది నా చేతివల్ల తగ్గారో, ఎంతమంది కాలం గడిచి తగ్గారో విడదీసి చెప్పమంటే నాకు కష్టమే. ఫీజు మాత్రం తీసుకుంటాను, అది వేరే సంగతి.

ఇప్పుడు ఈ వృత్తిలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం చెప్తాను. నొప్పి ఉన్న చోటే జబ్బు ఉండక్కర్లేదు. 1938లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే డాక్టరు ఏం చేశాడంటే, కాస్త గాఢంగా కలిపిన ఉప్పునీళ్ళు కండల్లోకి సూదితో ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తోందో చెప్పమన్నాడు. తన ఒంటి మీద కూడా చేసుకున్నాడు, మహానుభావుడు. సూది ఒకచోట, నొప్పి ఇంకోచోట! ఒక్కో కండకీ ఆ నొప్పి పాకే దారి మనిషి మనిషికీ దాదాపు ఒకేలా ఉంది. వేరువేరు చోట్లనుంచి వచ్చే నరాలు వెన్నుపాములో ఒకే గదిలోకి చేరతాయి, అక్కడినుంచి వెళ్ళే కబురులో అడ్రసు సరిగ్గా ఉండదు, పాతపట్నం ఉత్తరం పర్లాకిమిడిలో ఇచ్చినట్టు మెదడు వేరే చోట నొప్పి చూపిస్తుంది. తర్వాత అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ, ప్రెసిడెంటు కెనడీ నడుంనొప్పికి వైద్యం చేసినావిడ, డేవిడ్ సైమన్స్‌తో కలిసి దాదాపు ఒంట్లో ప్రతి కండకీ ఈ పటాలు గీసింది. కండలో నొక్కితే నొప్పెట్టే ఆ బిగుసుకుపోయిన చోటుని ట్రిగ్గర్ పాయింట్ అంటారు.

దీన్నే మనవాళ్ళు "నరం ముడిపడింది" అంటారు. నరం కాదది, కండ.

ఉదాహరణకి బరువులెత్తే కుర్రాళ్ళు వస్తారు. మన బరంపురం రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి. ఆయన్ని చూసి ఈ జిల్లాల్లో ఎంతమంది రాడ్డు పట్టుకున్నారో లెక్కలేదు. అలా వచ్చిన ఒక కుర్రాడు భుజం ముందుభాగం చూపిస్తూ ఇక్కడే సార్, లోపల గుచ్చుతోంది అన్నాడు. మూడు నెలలుగా అక్కడే బామ్ రాస్తున్నాడు, చర్మం నల్లబడింది. నేను వెనక్కి తిప్పి, గూడ ఎముక మీద పరుచుకుని ఒక కండ ఉంటుంది, ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాన్ని బొటనవేలితో నొక్కాను. "అదే సార్! అదే నొప్పి! ముందు వస్తోంది!" అన్నాడు. ముందు నొప్పి, వెనక మూలం. అలాగే పిర్ర లోపలి చిన్న కండ బిగుసుకుంటే నొప్పి కాలి పక్కనుంచి కిందదాకా పాకి, నడుం దగ్గర నరం నొక్కుకుంటే వచ్చే సయాటికా నొప్పిలా అచ్చంగా భయపెడుతుంది.

కాకపోతే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ ట్రిగ్గర్ పాయింట్ల మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. ఒకే మనిషిని ఇద్దరు అనుభవజ్ఞులకి చూపిస్తే చాలాసార్లు ఇద్దరూ ఒకే చోటు చూపించరు, ఇది పరీక్షించి మరీ చూశారు. కాబట్టి నా బొటనవేలికి అన్నీ తెలుసని ఎవరైనా అంటే కొంచెం జాగ్రత్త. నొక్కితే మీ అసలు నొప్పే బయటికి వచ్చిందా లేదా, అది మీరు చెప్పాలి.

ఆ కుర్రాడికి ఏం చేశాను? ముందు అరచేత్తో పొడుగ్గా, మెల్లగా రాయడం, ఒళ్ళు చేతికి అలవాటు పడాలి. తర్వాత రొట్టెల పిండి పిసికినట్టు కండని పిసకడం. తర్వాత ఆ చోటు మీద నొక్కి పట్టుకోవడం, ఒక అరనిమిషం నుంచి నిమిషంన్నర దాకా, బొటనవేలి కింద బిగువు సడలే వరకూ. తర్వాత నేను ఆపుతుంటే చేతిని నాకు ఎదురుగా ఐదారు సెకన్లు నెట్టమని, వదిలెయ్యమని, వదిలిన మరుక్షణం ఇంకాస్త ముందుకి సాగదీయడం. ఈ నెట్టడం, వదలడం పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఇందులో పేషెంటు కూడా పనిచేస్తాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. ఆ తర్వాత అసలు పని, రబ్బరు బ్యాండుతో భుజం వెనక కండకి వ్యాయామం, వారానికి మూడు రోజులు, రెండు నెలలు. కుర్రాడు ఇరవై నిమిషాలకి డబ్బులిచ్చాడు, రెండు నెలల పని ఎగ్గొట్టాడు, మళ్ళీ వచ్చాడు. ఎవరా అని చూడకండి, ఇక్కడ లేడు.

ఎంత గట్టిగా నొక్కాలి? చాలామంది కళ్ళనీళ్ళు వస్తేనే మాలీసు అనుకుంటారు. నొప్పిని పదికి లెక్కేస్తే ఐదు, ఆరు దాటనివ్వకండి. దాటితే కండ తనని తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది, మరుసటి రోజు నీలంగా కమిలిపోతుంది. తొడ పక్కన గట్టి పట్టీ ఒకటుంటుంది, పరుగెత్తేవాళ్ళకి తెలుసు, దాన్ని నొక్కి నొక్కి సాగదీస్తామంటారు. అది చేతికి సాగేది కాదు, తోలు బెల్టులాంటిది. చుట్టూ ఉన్న కండలు సడలుతాయి, నొప్పి తగ్గుతుంది, అంతే.

ఇంకో పాత మాట. "సార్, ఆడినప్పుడు కండల్లో పుట్టే లాక్టిక్ యాసిడ్ మాలీసు చేస్తే బయటికి పోతుందట కదా." మీలో ఎంతమంది శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కారు? అబ్బో, చాలామందే. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగాక ఏమీ లేదు, హాయిగా ఇంటికొచ్చి పడుకున్నారు. మర్నాడు? ఆ మర్నాడు? మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి... మన గోడ, ఒడియా గోడ కాదు. లాక్టిక్ యాసిడ్ అన్నది ఆట ఆపిన గంటలోపే ఒంట్లోంచి పోతుంది. మరి రెండో రోజు నొప్పి ఎక్కడిది? దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు మోస్తుంది, అలా మోసినప్పుడు దాని పోగులు సన్నగా చిట్లుతాయి, వాటిని బాగుచేసే హడావిడే ఆ నొప్పి. ఒకరోజు నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. 2012లో కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పదకొండు మంది కుర్రాళ్ళ చేత గట్టిగా సైకిలు తొక్కించి, ఒక కాలికి మాత్రం పది నిమిషాలు మాలీసు చేసి, రెండు కాళ్ళనుంచీ కండ ముక్క తీసి చూశారు. మాలీసు చేసిన కాలిలో వాపు తెచ్చే సంకేతాలు తక్కువగా ఉన్నాయి, లాక్టిక్ యాసిడ్‌లో తేడా మాత్రం లేదు. 2020లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 29 అధ్యయనాలు కలిపి చూశారు. ఈ రెండో రోజు నొప్పి కొంచెం తగ్గింది, ఒళ్ళు కొంచెం వంగింది. పరుగు వేగం, గెంతు, బలం? పెరగలేదు. కాబట్టి ఫైనల్‌కి ముందు మాలీసు చేయించుకుంటే గెలుస్తామని కోచ్‌లెవరైనా అనుకుంటే ఆ డబ్బులు గుడ్లకీ పాలకీ పెట్టండి.

ముట్టుకోకూడనివి

ఇది జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా అమ్మలు.

మా చిన్నాన్న కొడుకు తొమ్మిదేళ్ళప్పుడు మామిడిచెట్టు మీదనుంచి పడ్డాడు. మోచెయ్యి వాచింది. ఎముక మీద ఎవరికీ అనుమానం రాలేదు, ఎక్స్‌రే లేదు, ఊళ్ళో మాలీసు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. వేడి నూనె, పదిహేను రోజులు, పొద్దునా సాయంత్రం, వాడు అరుస్తుంటే నేనూ ఇంకో ఇద్దరం వాణ్ణి పట్టుకునేవాళ్ళం. నేను పట్టుకున్నాను. మంచి చేస్తున్నామనే అనుకున్నాం. నెల తిరిగేసరికి మోచెయ్యి సగంలో ఆగిపోయింది. దెబ్బతిన్న కండలో నెత్తురు గడ్డకట్టి ఉన్నప్పుడు దాన్ని రుద్దితే, లాగితే, ఆ కండలోనే ఎముక పుట్టుకొస్తుంది. మయోసైటిస్ ఆసిఫికన్స్ అని దాని పేరు. వాడికిప్పుడు నలభై దాటాయి, ఇప్పటికీ ఆ చేత్తో అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేడు, ఎడమచేత్తో తింటాడు, పెళ్ళి భోజనాల్లో చివరి వరసలో కూర్చుంటాడు. నేను ఈ చదువు చదివింది దానివల్లే అనను, మార్కులు తక్కువొచ్చి ఇందులో చేరాను. కానీ ఆ పాఠం క్లాసులో చెప్పిన రోజు మధ్యలో లేచి బయటికి వచ్చేశాను.

కాబట్టి పిల్లల మోచెయ్యి వాచిందా, రుద్దకండి, ఎక్స్‌రే తీయించండి. కబడ్డీలో ఎదుటివాడి మోకాలు మీ తొడకి తగిలి కండ లోపల కమిలిందా, అదీ రుద్దకండి, వేడి కాపడం పెట్టకండి. ఏ దెబ్బయినా మొదటి రెండు మూడు రోజులు మాలీసు లేదు, వేడి లేదు, మందు తాగడం లేదు. ఏమిటా గుసగుస, మందు అన్నప్పుడే ఎందుకు అందరూ అటు చూశారు? తాగితే వాపు పెరుగుతుందయ్యా. ఆ రోజుల్లో చెయ్యాల్సింది ఎలాస్టిక్ గుడ్డ కట్టడం, కాలు ఎత్తులో పెట్టడం, నొప్పి రానంత మేర మెల్లగా కదుపుతూ ఉండడం. ఐస్ నొప్పికి పెట్టుకోవచ్చు, కానీ ఐస్ పెడితే త్వరగా మానుతుందని చెప్పలేం. దెబ్బకి విశ్రాంతి, ఐస్ అనే సూత్రాన్ని 1978లో ప్రచారం చేసిన డాక్టర్ మిర్కినే తర్వాత ఐస్ విషయంలో మాట మార్చుకున్నాడు.

చీలమండ బెణికితే ఎముక విరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? కెనడాలో ఆటవా వాళ్ళు ఒక తేలిక పద్ధతి పెట్టారు. దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడు కూడా, కుంటుతూ అయినా సరే నాలుగు అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే. చీలమండ గుబ్బల వెనక అంచు నొక్కితే ఎముక మీదే నొప్పెడితే ఎక్స్‌రే. పాదం బయటి అంచు మధ్యలో ఎముక, లోపలి వైపు వంపు పైన ఎముక, అక్కడ నొక్కితే నొప్పెట్టినా అంతే. మోకాలు టప్‌మని శబ్దం చేసి గంట, రెండు గంటల్లో వాచిపోయిందంటే లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ తెగి ఉండొచ్చు, దాన్ని ఏ నూనే అతికించదు, ఎముకల డాక్టరుకి చూపించండి.

ఆటగాళ్ళవి కానివి రెండు చెప్తాను. సూరత్‌నుంచి రోజున్నర రైల్లో కదలకుండా కూర్చుని వచ్చినవాళ్ళకి ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది పట్టేయడం కాకపోవచ్చు, సిరలో నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇక వయసు వచ్చినవాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి ఎడమ భుజం, దవడ లాగుతూ చెమటలు పడితే బామ్ కోసం వెతకకండి, ఆటో కోసం వెతకండి.

తొడ వెనక కండ, పరుగులో తెగేది, దాని సంగతి. పోయినేడు తెగినవాడికే ఈ ఏడు మళ్ళీ తెగే అవకాశం ఎక్కువ. ఎందుకు? పదో రోజుకి నొప్పి పోతుంది, మాలీసు చేయించుకుని బాగుందంటాడు, మైదానంలోకి దిగుతాడు. నొప్పి పోయింది గానీ పోగు ఇంకా గట్టిపడలేదు. పచ్చిగోడ మీద బరువు పెట్టినట్టు. నేను చేత్తో చెయ్యగలిగింది ఆ చుట్టుపక్కల బిగువు తీయడం. పోగులు సరైన దిక్కులో పేరుకోవాలంటే రోజూ కొంచెం కొంచెం పెంచుతూ బరువు ఇవ్వాలి. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఒకడు మడమలు పట్టుకుంటే, నడుం వంచకుండా మెల్లగా ముందుకి వాలడం, నార్డిక్ అంటారు. నిక్కచ్చిగా చేసిన జట్లలో ఈ గాయాలు సగానికి సగం తగ్గాయి. ఖర్చు? ఒక తువ్వాలు, ఒక స్నేహితుడు.

మన కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారిక్కడికి, చూశాను. ఆకురాయి పట్టి పట్టి మోచేతి బయటివైపు నొప్పి, గ్లాసు ఎత్తాలన్నా కష్టం. దాన్ని టెన్నిస్ ఎల్బో అంటారు, టెన్నిస్ ఆడక్కర్లేదు. సచిన్‌కి 2004లో వచ్చింది ఇదే. సిరియాక్స్ అనే లండన్ డాక్టరు దీనికి వేలితో అడ్డంగా రాపిడి చేసే పద్ధతి చెప్పాడు, నేనూ చేస్తాను, కాసేపు హాయిగా ఉంటుంది. కానీ నిలిచేది మణికట్టు వ్యాయామం. అర కిలో నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా దించడం, రెండో చేత్తో పైకి ఎత్తి మళ్ళీ దించడం. స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే రెండు వారాల్లో పండగే, కానీ ఏడాది తిరిగేసరికి ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్ళే వెనకబడ్డారని పరీక్షల్లో తేలింది. తొందర మీది, మోచెయ్యి మీది, మీరే తేల్చుకోండి.

ఏ నూనె మంచిదని ఎవరో చీటీ పంపారు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం, ఏదైనా చెయ్యి జారడానికే. కండలోకి ఇంకి పని చేసేదేమీ లేదు. ఇంట్లో ఏది ఉంటే అది. ఐదొందల రూపాయల తైలం కొనకండి, కొనాలనుంటే వాసన బాగుందని కొనుక్కోండి. మసాజ్ గన్ గురించి అడిగారు. కండ మీద వాడొచ్చు, ఎముక మీద, మెడ ముందువైపు వద్దు. 2016 రియోలో ఫెల్ప్స్ ఒంటి మీద గుండ్రటి మచ్చలు చూసి కప్పింగ్, అంటే కప్పులు పెట్టి చర్మాన్ని పైకి పీల్చడం, అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఈతవల్ల గెలిచాడు నాన్నా, మచ్చలవల్ల కాదు.

ఇంక చాలు, అవతల టీ చల్లారిపోతోంది. ఒరేయ్ తమ్ముడూ, మూడో వరసలో ఎర్ర టీషర్టు, వచ్చినప్పటినుంచీ ఆ కుడికాలు చాపుకునే కూర్చున్నావు. ఎప్పుడు తిరగబడింది, నిన్నా? చెప్పు విప్పి ఇలా రా. ఎవరూ పట్టుకోకండి వాణ్ణి. నీ అంతట నువ్వే రా, నేను అడుగులు లెక్కపెడతాను.